రిపోర్టులో ఆరో పేరా

నేను భర్త ఇంటి నుంచి మా బాపు దగ్గరికి వచ్చేసిన ఏడాది, రోజూ సాయంత్రం ఆరింటికి మా ఇంట్లో ఒక పాత కోర్టు సీరియల్ నడిచేది. ఎప్పటిదో అమెరికా సీరియల్, నలుపు తెలుపుల్లో. ప్రతి ఎపిసోడ్‌లో ఒక హత్య, ఒక అమాయకుడి మీద కేసు. చివర్లో సాక్షుల్లో ఎవరో ఒకరు లాయరు ప్రశ్నలకు తట్టుకోలేక బోనులోనే నేరం ఒప్పుకుని ఏడ్చేవాళ్లు. బాపు ఫోన్లో వెతికి టీవీకి తగిలించేవాడు.

ఆయన ముప్పై ఏళ్లు కోర్టులో బెంచ్ క్లర్కుగా పనిచేసి రిటైరయ్యాడు. జడ్జి ముందు కూర్చుని ఫైళ్లు అందించడం, సాక్షి చేత ప్రమాణం చేయించడం, సాక్ష్యంగా పెట్టిన కాగితాలకు నంబర్లు వేయడం ఆయన ఉద్యోగం. ఇంగ్లీషు చదివితే ఆయనకు అర్థమవుతుంది, వింటే కాదు. నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను కాబట్టి పక్కన కూర్చుని, ఆయన ఆపిన చోటల్లా తెలుగులో చెప్పేదాన్ని.

"ముప్పై ఏండ్లల్ల ఒక్కడు గూడ బోనుల నిలబడి నేనే జేసిన అన్లే బిడ్డా," అనేవాడు. "అయినా మంచిగుంటది సూడ."

ఒక ఎపిసోడ్‌లో ఒక ప్రైవేట్ డిటెక్టివ్ ఉన్నాడు. సన్నటి మీసం, మంచి కోటు. భర్త మీద కన్నేసి ఉంచమని భార్య పెట్టుకుంటుంది వాణ్ని. వాడు వెళ్లి ఆ సంగతి భర్తకే చెబుతాడు. చివరికి ఇద్దరినీ మోసం చేసి, చూడనిది చూశానని కోర్టులో ప్రమాణం చేస్తాడు. బాపు ఆ ఎపిసోడ్ రెండుసార్లు చూశాడు.

"ఈని మొఖం సూస్తెనే తెలుస్తలేదా? నేనైతే మొదటి రోజే పట్టేటోన్ని. ఎంతమంది దొంగ సాక్షులకు ప్రమాణం చెప్పిచ్చిన్నో."

ఆయన మాట అబద్ధం కాదు. అబద్ధమాడే మనిషిని చూడగానే గుర్తుపడతాడని ఆయనకు కోర్టులో పేరు కూడా ఉండేది.

నా సంగతి చెప్పాలి. పదహారేళ్ల కాపురం. వరంగల్ బజారులో నా భర్త వాళ్లకు బట్టల దుకాణం, దాని మీదే ఇల్లు. పిల్లలు లేరు. కొట్టుకోవడాలు, తిట్టుకోవడాలు కూడా లేవు. చివరి నాలుగేళ్లు నేనూ ఆయనా ఒకరితో ఒకరం మాట్లాడిన మాటలు ఒక నోటుబుక్కులో సరిపోతాయి. విడిపోవాలని ఇద్దరికీ ఉంది. అయితే ఆయనకు బజారులో మొహం చెల్లాలి. తప్పు నాదని కాగితం మీద ఉంటే ఆయనకు సులువు. ముందు ఆయనే కేసు వేశాడు.

ఆ తర్వాత రెండు నెలలకు, ఒకరోజు నేను స్కూలు నుంచి వచ్చేసరికి బాపు హుషారుగా ఉన్నాడు.

"ఇయ్యాల ఇంటి నంబర్ల సర్వే ఆయన వచ్చిండు. మంచి మనిషి. ఎండలవడి వచ్చిండని చాయ్ పెట్టిచ్చిన. మన సీరియల్ నడుస్తాంటె కూసున్నడు. ఇంగ్లీషు ఎంత మంచిగ సమజైతదో ఆయనకు! నీకన్న మంచిగ చెప్పిండు బిడ్డా."

"సర్వే అంటే ఏం అడిగిండు?"

"ఇంట్ల ఎంతమంది, ఎవలేం చేస్తరు, గంతే."

నేను పట్టించుకోలేదు. సర్వేలకు మా వీధిలో కొదవ లేదు.

ఇంకో నాలుగు నెలలకు మా లాయరమ్మ కబురు పెట్టింది. హనుమకొండలో కోర్టు ఎదురుగా, ఒక జిరాక్స్ సెంటర్ పైన ఆమె ఆఫీసు. అరవై దాటిన మనిషి. ఎప్పుడూ వక్కపొడి నములుతూ, ఎవరితోనూ గొంతు పెంచకుండా మాట్లాడుతుంది. వాళ్ల తరఫు లాయరు దాఖలు చేసిన కాగితాలు నా ముందుకు జరిపింది.

"డిటెక్టివ్‌ని పెట్టిండ్రమ్మా నీ మీద. నాలుగు పేజీలు, తొమ్మిది పేరాలు. మొత్తం చదువు. చదివినంక నాకు ఏం చెప్పాలనుకుంటే గదే చెప్పు."

చదివాను. శుభ్రమైన ఇంగ్లీషు. నేను ఎన్నింటికి బస్సెక్కుతానో, ఏ స్టాపులో దిగుతానో, పసుపు అంచున్న ఆకుపచ్చ చీర నాకు ఇష్టమని, గ్రీన్ టీ మొదలుపెట్టానని, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ సరైన వాటి మధ్యలో ఒక మగమనిషి. ఒక పేరాలో అతను నన్ను బండి మీద చెరువు కట్ట దాకా తీసుకెళ్లాడు. ఇంకో పేరాలో, ఒక రెండో శనివారం, మేమిద్దరం వరంగల్ స్టేషన్లో పొద్దున ప్యాసింజరెక్కి డోర్నకల్ వెళ్లాం. ఆ మనిషికి పేరు లేదు. 'నీలిరంగు చొక్కా ధరించిన వ్యక్తి' అని ప్రతిసారీ.

అబద్ధాలు చదవడం అంత కష్టమేమీ కాలేదు. నా పేరే ఉన్న వేరే ఆడమనిషి గురించి చదువుతున్నట్టు ఉంది. ఆరో పేరా మాత్రం రెండుసార్లు చదివాను.

అందులో ఇలా ఉంది: ఒక గురువారం మధ్యాహ్నం ఆమె ఖిలా వరంగల్ వెళ్లింది. తోరణాలకు అవతల, పడిపోయిన రాళ్ల మధ్య నీడలో కూర్చుంది. చెప్పులు విడిచి పక్కన పెట్టుకుంది. టిఫిన్ డబ్బాలో సగం తిని, మిగిలింది కుక్కకు పెట్టింది. ఒంటిగంట నుంచి నాలుగు దాకా అక్కడే ఉంది. పేరా చివర్లో, వేరే పెన్నుతో రాసినట్టు, ఒక వాక్యం: ఆమె పక్కన నీలిరంగు చొక్కా ధరించిన వ్యక్తి ఉన్నాడు.

ఆ చివరి వాక్యం తప్ప మిగతాదంతా నిజం. అది మా కేసు మొదటి వాయిదా రోజు. జడ్జిగారు లీవులో ఉన్నారని పన్నెండింటికే వాయిదా వేశారు. స్కూలుకు రోజంతా సెలవు పెట్టి ఉన్నాను. ఇంటికి పోతే బాపు అడుగుతాడు, స్కూలుకు పోతే స్టాఫ్ రూమ్ అడుగుతుంది. ఆటో ఎక్కి కోటకు పోయాను. టికెట్ కొనుక్కుని, ఫొటోలు దిగే కాలేజీ పిల్లల్ని దాటి, వెనక్కి వెళ్లి కూర్చున్నాను. ఏడవలేదు. ఏమీ ఆలోచించలేదు కూడా. సాయంత్రం స్కూలు వదిలే వేళకు ఇంటికి చేరి, వాయిదా కాగానే స్కూలుకు పోయానని బాపుతో చెప్పాను.

ఆ మూడు గంటలు నన్ను ఒకరు చూస్తూ ఉన్నారు.

"ఇందులో నిజమేమన్న ఉందా?" అని లాయరమ్మ అడిగింది.

"నీలి చొక్కా మనిషి లేడు మేడం," అన్నాను.

ఆమె రిపోర్టు జిరాక్సు ఒకటి నా చేతికిచ్చింది.

డిటెక్టివ్ సాక్ష్యం ఉన్న రోజు బాపు నాతో వచ్చాడు. కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. అటెండర్లంతా ఆయనకు నమస్తే పెడుతున్నారు. మెట్లెక్కి, చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరుతో ఒక మనిషి వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. కోటు లేదు, మీసం లేదు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, బ్యాంకులో క్యాషియర్ లాంటి ముఖం. మమ్మల్ని చూసి ఒక్క క్షణం ఆగి, అవతలి వైపుకు వెళ్లిపోయాడు.

బాపు నా చెయ్యి పట్టుకున్నాడు.

"బిడ్డా, గీయనే."

"ఎవరు?"

"సర్వే ఆయన. మన ఇంట్ల చాయ్ తాగిండు."

ఆ రోజు కూడా వాయిదా పడింది. ఇంటికి వచ్చాక బాపు చెప్పులు విడిచి, గోడకు ఆనుకుని నిలబడి చెప్పాడు.

"నేనే చెప్పిన. నువ్వు ఏ బస్సుకు పోతవో, నీకు ఏ చీరంటె ఇష్టమో. గ్రీన్ టీ తాగుతాందని నవ్వుకుంట చెప్పిన. వాడు రాసుకోను గూడ రాసుకోలే, సీరియల్ జూస్కుంట విన్నడు."

"నీకేం తెలుసు బాపు. ఎవరడిగినా చెప్తరు."

"నాకు తెల్వకపోతె ఎవలకు తెలుస్తది?"

ఆ నెల మా ఇంట్లో సీరియల్ నడవలేదు. బాపు ఆ నాలుగు పేజీల రిపోర్టు ముందు పెట్టుకుని, స్కేలు కింద ఒక్కో లైను జరుపుకుంటూ చదివాడు. తేదీలన్నీ విడిగా ఒక కాగితం మీద రాశాడు. ఆరో పేరా దగ్గర "ఆ రోజు నువ్వు స్కూల్లనే ఉన్నవ్ గద?" అన్నాడు. "ఊఁ" అన్నాను. దాని పక్కన టిక్కు పెట్టి ముందుకు పోయాడు.

డోర్నకల్ ప్రయాణం దగ్గర ఆయన ఆగాడు. చిన్నప్పుడు ఆయనతో చదువుకున్న ఒకాయన అక్కడ రైల్వేలో పనిచేసి, అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. బాపు ఆయనకు ఫోన్ చేశాడు. ఆ శనివారం లైను పనుల కోసం పొద్దున ప్యాసింజర్ రద్దు చేశారని ఆయనకు గుర్తుంది, ఎందుకంటే ఆయన ఆ రోజు చెల్లెలి ఇంటికి బస్సులో నిలబడి పోవాల్సి వచ్చింది. బాపు వెంటనే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాడు. ఆ బండి ఆ తేదీన నడవలేదని సంతకం, ముద్ర ఉన్న కాగితం వచ్చిన రోజు ఆయన దాన్ని నా చేతికివ్వకుండా నేరుగా లాయరమ్మకు తీసుకెళ్లి ఇచ్చాడు.

సాక్ష్యం రోజు హాల్లో పదిమంది కూడా లేరు. డిటెక్టివ్ చదివినట్టుగా చెప్పుకుపోయాడు. వాళ్ల లాయరు కూర్చున్నాక మా లాయరమ్మ లేచింది.

"మీరు స్వయంగా చూసినవే రాశారా?"

"స్వయంగా చూసినవే మేడం."

"డోర్నకల్ బండి ఎక్కడం గూడ చూశారా?"

"చూశాను. నేనూ అదే బండిలో వెళ్లాను."

"సీటు దొరికిందా?"

"దొరికింది మేడం. కిటికీ పక్కన."

లాయరమ్మ ఆ రైల్వే కాగితాన్ని జడ్జిగారి ముందుకు పంపింది. జడ్జిగారు చదివి, కళ్లద్దాలు తీసి, సాక్షి వైపు చూశారు. ఎవరూ అరవలేదు. టీవీలో లాగా ఎవరూ ఏడవలేదు. డిటెక్టివ్ ఫోల్డరు తెరిచి, మూసి, "తేదీ పొరపాటు పడి ఉంటుంది సార్" అన్నాడు.

"నేను చెప్పేదేంటంటే," లాయరమ్మ అదే గొంతుతో అంది, "ఈ తొమ్మిది పేరాలూ మీరు ఇంట్ల కూసొని అల్లినవి."

"కాదు మేడం. ఆరోది నిజం."

అనేశాక అతనికే అర్థమైంది. హాల్లో ఎవరో నవ్వారు. లాయరమ్మ నవ్వలేదు.

"అంటే మిగతా ఎనిమిదీ?"

జడ్జిగారు 'సాక్షి మౌనం వహించాడు' అని రాయించారు. బాపు నా పక్కన, మోకాళ్ల మీద రెండు చేతులు పెట్టుకుని, ఆ మాట టైపయ్యే దాకా తల ఎత్తకుండా విన్నాడు.

నా వంతు పదిహేను రోజుల తర్వాత వచ్చింది. వాళ్ల లాయరుకు మిగిలింది ఒక్క ఆరో పేరాయే. దాని మీదే పట్టుకున్నాడు.

"మొదటి వాయిదా రోజు మీరు ఖిలా వరంగల్ కోటకు వెళ్లారా?"

నిజం చెప్పొచ్చు. వెళ్లాను, ఒక్కదాన్నే కూర్చున్నాను, తిన్నాను, వచ్చాను. అందులో తప్పేమీ లేదని నాకు అప్పుడూ తెలుసు. కానీ ఒక్కటి ఒప్పుకుంటే దాని చివర ఉన్న నీలి చొక్కా కూడా ఒప్పుకున్నట్టే అవుతుందేమోనని భయం. అంతకంటే, వెనక బెంచీ మీద బాపు ఉన్నాడు. నెల రోజులు స్కేలు పట్టుకుని కూర్చున్న మనిషి. నా మాట నమ్మి ఆ పేరా పక్కన టిక్కు పెట్టిన మనిషి.

"వెళ్లలేదు," అన్నాను.

"అస్సలు వెళ్లలేదా?"

"వెళ్లలేదు సార్. ఆ రోజు స్కూల్లో ఉన్నాను."

హాజరు పట్టీ తెప్పిస్తామని ఆయన అనలేదు. సాక్షి పరువు పోయాక ఆ కేసు మీద ఆయనకు కూడా ఆసక్తి తగ్గినట్టుంది. నేను దిగుతూ చూస్తే, తలుపు దగ్గర డిటెక్టివ్ నిలబడి ఉన్నాడు. ఎందుకు వచ్చాడో తెలియదు. వాళ్ల లాయరు దగ్గర ఏదో పని ఉండి ఉంటుంది. కోపంగా లేడు. ఒక లెక్క తాను సరిగ్గా చేసినా మాస్టారు తప్పు కొడితే పిల్లలు చూస్తారే, అలా చూశాడు.

ఆ తర్వాత తొందరగానే తేలిపోయింది. వాళ్లు నా నడవడి గురించి రాసినవన్నీ వెనక్కి తీసుకున్నారు. ఇద్దరి సమ్మతి మీద విడాకులు వచ్చాయి. చివరి సంతకాల రోజు నా భర్త, అప్పటికి ఇంకా భర్తే, "ఆ రిపోర్టు నేను మొత్తం చదవలేదు" అన్నాడు. నిజమే అయి ఉంటుంది. ఆయన ఏదీ మొత్తం చదవడు.

రెండేళ్లకు నాకు కుడి భుజం పట్టేసింది. బోర్డు మీద రాయడానికి చెయ్యి లేవడం లేదు. దవాఖానలో టోకెన్ తీసుకుని వరసలో కూర్చున్నాను. పక్క కుర్చీ మనిషి లేచి వెళ్తే, ఆ ఖాళీలో వచ్చి కూర్చున్నది ఆ డిటెక్టివ్. చూసుకుని ఇద్దరం కాసేపు గోడ మీద పోస్టర్లు చదివాం.

"మంచిగున్నరా మేడం?" అన్నాడు చివరికి.

"బాగానే ఉన్న."

"మా అమ్మను చూపిద్దామని వచ్చిన. మోకాళ్లు. లోపల ఎక్స్‌రే తీస్తాండ్రు." గొంతు తగ్గించాడు. "మేడం, ఒక్క మాట. కోటకు మీరు వచ్చిండ్రు గద."

"వచ్చిన."

"మరి వెళ్లలేదన్నరు."

"మీరు డోర్నకల్ పోయినమన్నరు."

అతను తల ఊపాడు. ఆ జవాబు అతనికి న్యాయంగానే అనిపించినట్టుంది.

"ఆ పని మొదలుపెట్టినప్పుడు నేను ఒట్టిగ రాయాలనుకోలే మేడం. నిజంగ వెంటవడుదామనే అనుకున్న. మీదే నా మొదటి కేసు. ఆ రోజు మూడు గంటలు రాళ్ల ఎనక నిలబడ్డ. నీళ్లు గూడ లేవు. ఇప్పుడెవరో వస్తరు, ఇప్పుడొస్తరు అని చూసిన. ఎవ్వరు రాలే. మీరు లేచి పోయిండ్రు. గదే రాసి ఇస్తే మీ సార్ కాగితం నా మీదికి ఇసిరేసిండు. ఇందుకా నిన్ను పెట్టుకున్నది అన్నడు."

"అందుకని నీలి చొక్కా తొడిగించిండ్రు."

"అవ్ మేడం. మనుషుల వెంటవడితె ఏం జరగదు. పొద్దంత తిరిగినా ఏం జరగదు. పెట్టుకున్నోళ్లు ఊకోరు."

అతని మీద నాకు కోపం రావాలి. వెతికితే లోపల కొంచెం ఉంది కూడా. కానీ ఆ మధ్యాహ్నం నేను అక్కడ ఉన్నానని లోకంలో తెలిసింది ఇతనొక్కడికే అన్న సంగతి దానికంటే ముందుకొచ్చింది. బాపుకు నేను ఇప్పటికీ చెప్పలేదు.

"ఒకటడుగుత, ఏమనుకోకండ్రి," అన్నాడు. "ఎవరికోసం కూసున్నరు ఆ రోజు?"

"ఎవరికోసం కాదు. ఇంటికి పోబుద్ధి కాలే."

అతను నమ్మినట్టు లేదు. ఇప్పుడు ఆ పని మానేశానని, దుకాణాలకు, అపార్టుమెంట్లకు సీసీ కెమెరాలు బిగిస్తున్నానని, తొర్రూరు దాకా గిరాకీ ఉందని చెప్పాడు. మా స్కూల్లో పెట్టించే ఆలోచన ఉంటే చెప్పమన్నాడు. చూద్దాం అన్నాను.

ఎక్స్‌రే గది తలుపు తెరుచుకుని, గోడ పట్టుకుంటూ వాళ్లమ్మ బయటికొచ్చింది. అతను లేచి వెళ్లి చెయ్యందించాడు. పొలం పనులు చేసిన మనిషి అని పాదాలు చూస్తేనే తెలుస్తుంది. నన్ను చూసి ఎవరన్నట్టు కొడుకు వైపు చూసింది.

అతను క్షణం కూడా తడుముకోలేదు.

"మా టీచరమ్మ. నాకు ఇంగ్లీషు చెప్పింది ఈ మేడమే."

ఆమె రెండు చేతులూ జోడించింది. నేను కంగారుగా లేచాను.

"కూసో బిడ్డా, కూసో. మీ పుణ్యాననే వీడు గింత తెలివికొచ్చిండు. చిన్నప్పుడు మంచిగ చదివేటోడా తల్లీ? నాకు చదువు రాదు, ఎవల్ని అడిగినా సరిగ చెప్పకపోతుండె."

అతను నేల వైపు చూస్తున్నాడు. కౌంటర్ దగ్గర నా టోకెన్ నెంబరు పిలుస్తున్నారు.

"బాగా చదివేటోడమ్మా," అన్నాను. "క్లాసుల అందరికన్న మంచిగ రాసేటోడు."

ఆమె ముఖం విప్పారింది. నేను బ్యాగు ఎడమ భుజానికి మార్చుకుని డాక్టరు గదిలోకి వెళ్లాను.